కంపెనీ ఇంజను, అక్క మొక్కు

మరిపెడ,
20 సెప్టెంబరు 2011.

భూపాలపల్లిలో మోటర్ల దుకాణం నడిపే తమ్ముడు వెంకట్రాంకు, తోడబుట్టిన అక్క అనసూర్యమ్మ చెప్పగా కోడలు పుష్పలత రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వెట్లున్నావని అడగను. బాగానే ఉన్నావని, కొత్త కొత్త ఆలోచనలు కూడా చేస్తున్నావని జనగామ నుంచి తెలిసింది.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని నీకు అనిపించవచ్చు. పొలాల ఇంజన్లు తిప్పి కొనేవాళ్ళకు చూపించీ చూపించీ నీ చెవులు ఎప్పుడో పోయినాయి. మొన్న ఫోనులో "మన బండిని ఏం చేస్తున్నవురా" అని అడిగితే, "పప్పుచారక్కా, ఇప్పుడే తిన్న" అని పెట్టేసినావు. కాగితమైతే తప్పించుకోలేవు. నాకు అక్షరం రాకపోయినా ఇంట్లో పంతులమ్మ ఉన్నది. సకల జనుల సమ్మెలో బడులకు తాళాలు పడ్డాయి గనుక పొద్దంతా ఇంటి పట్టునే ఉంటున్నది. బస్సులు నడుస్తుంటే నేనే వచ్చి నీ దుకాణం ముందర నిలబడేదాన్ని. అవి కూడా సమ్మెలోనే ఉన్నాయి.

సంగతికి వస్తాను. జనగామ మెకానిక్ రాజలింగు మన నర్సింగరావుకు ఫోను చేసినాడు. నీ మోటరుసైకిలుకు పాత ఇంజను తీసేసి కంపెనీవాళ్ళ కొత్త పెద్ద ఇంజను వేయించాలని చూస్తున్నావట. అది వేస్తే పక్కన సైడ్‌కారు తగిలించడానికి ఉండదట. "అవ్వ కూచునే డబ్బను మీ గోదాంల పెట్టుకుంటరా సేటూ, లేకుంటే పాత ఇనుముల పోతది" అన్నాడట. నా కొడుకు ఆ మాటను నవ్వుకుంటూ వచ్చి చెప్పినాడు. నాకు నవ్వు రాలేదు.

నేను లోకం చూసింది ఆ డబ్బాలో కూచునే. మీ బావ పోయినప్పటి నుంచి నా బతుకంతా గల్లాపెట్టె ముందరనే. ఎదురుగా మిరపకాయ బస్తాలు, వెనుక బెల్లం దిమ్మలు. రెండేండ్లకొకసారి నువ్వొచ్చి నన్ను డబ్బాలో కూచోబెట్టుకొని మేడారం జాతరకు తీసుకుపోతే, మానుకోట దాటినంక మొహానికి గాలి తగులుతుంది. కాళేశ్వరం పోయినా, భద్రాచలం పోయినా అందులోనే. నర్సింగరావు కారు కొన్నాడు గానీ నన్ను జాతరకు తీసుకుపోడు. జనంలో నలిగిపోతానని వాడి భయం. డబ్బా పోతే నేను పోయేది లేదు, గల్లాపెట్టే గతి. అది నీకు తెలుసు. ఢిల్లీవాళ్ళు డిసెంబరు తొమ్మిదిన తెలంగాణ అని చెప్పి పక్షం తిరగకముందే మాట మార్చినట్టు, నువ్వు కూడా ఇచ్చిన సీటును గుంజుకుంటున్నావు.

ఇంకొకటి. ఆ ఇంజను నీ ఒక్కనిది కాదు. పోయిన జాతర నుంచి తిరిగి వస్తుంటే తాడ్వాయి అడవిలో అది ఆగిపోలేదా? నువ్వు తన్ని తన్ని చెమటలు కక్కుతుంటే నేను డబ్బాలో లేచి నిలబడి సమ్మక్కకు మొక్కినాను. "తల్లీ, గీ ఇంజను లేస్తే దీని ఎత్తు బంగారం నీకు ఇచ్చుకుంట" అన్నాను. మేడారంలో బంగారమంటే బెల్లమే, అయినా మొక్కు మొక్కే. మరుసటి తన్నుకే లేచింది. వచ్చే మాఘంలో మళ్ళీ జాతర. మొక్కు చెల్లేదాకా ఆ ఇంజనులో సగం తల్లిది. దాన్ని విప్పడానికి నువ్వెవరు, కంపెనీ ఎవరు?

మరదలిని అడిగినానని చెప్పు. నిన్ను అడిగినట్టు అనుకోకు.

కోపం తగ్గని అక్క. కింది వేలిముద్ర నాదే.

భూపాలపల్లి,
27 సెప్టెంబరు 2011.

అక్కకు వెంకట్రాం నమస్కారాలు.

ఉత్తరం అందింది. పుష్పలత దస్తూరి ఎంత బాగుందంటే తిట్లు కూడా ముత్యాలలాగే కనబడ్డాయి.

ముందు ఇంజను సంగతి విను. అది ఎవరో సందులో కూచొని అతికించింది కాదు, సాక్షాత్తు కంపెనీ తయారుచేసింది. పాత బండ్ల చట్రంలో సరిగ్గా కూచునేటట్టు చేసినారు. పాతదానికంటే బలమెక్కువ, నూనె కారదు, ఎత్తుల మీద రొప్పదు. తన్నే పని లేదు, బటన్ నొక్కితే లేస్తుంది. సైడ్‌కారు బరువు మాత్రం దానికి పెట్టొద్దని కంపెనీవాళ్ళే కాగితం మీద అచ్చు వేసినారు. అది నేను పెట్టిన నియమం కాదు.

ఈ వయసులో నీకెందుకురా అంటావు. మా దిక్కు బండ్లవాళ్ళు కొందరు జెండాలు కట్టుకొని తెలంగాణ కోసం ఢిల్లీ దాకా పోతామంటున్నారు. నేనూ పోదామనుకుంటున్నాను. పాత ఇంజనుతో, పక్కన డబ్బాతో ఆ దూరం సాగదు. రాష్ట్రం కోసం పోయేవాణ్ణి అక్క ఆపుతుందా?

ఇక మొక్కు. ఇంజను ఎత్తు బెల్లమన్నావు. దాని ఎత్తెంతో నీకు తెలుసా? బండిలో ఉన్నదాన్ని ఎట్లా తూస్తావు? విప్పి మీ గోదాంలో కాంటా మీద పెట్టవలసిందే. మొక్కు చెల్లాలన్నా అది బయటికి రాక తప్పదు. ఒకసారి బయటికి వచ్చినదాన్ని మళ్ళీ లోపలికి ఎందుకు తోయాలి? నెమ్మదిగా ఆలోచించు.

దసరాకు జమ్మి పెట్టడానికి వస్తాను.

నీ తమ్ముడు.

మరిపెడ,
8 అక్టోబరు 2011.

వెంకట్రాంకు.

ముందర చిరంజీవి అని పెడతానని పుష్పలత అన్నది. ఈసారికి వద్దన్నాను.

దసరా నాడు నువ్వొస్తావని గారెల మూకుడు పొయ్యి మీది నుంచి దించనియ్యలేదు. వచ్చినావు. సైడ్‌కారు లేకుండా వచ్చినావు. అది ఎట్లాగూ అనుకున్నదే. కానీ బండిని వాకిట్లో నిలబెట్టి, ఇంజను దడదడమని మొత్తుకుంటుంటే గడప దాటకుండానే జమ్మాకు నా చేతిలో పెట్టి కాళ్ళు మొక్కినావు. లోపలికి రారా అంటే పనున్నదని చేతితో చూపించినావు. గారెలు సంచిలో వేసి తెచ్చేలోపు మలుపు తిరిగినావు. ఎదురింటి పంతులు భార్య ఊరుకుంటుందా? "మీ తమ్ముడు ఇంజను గూడ బంద్ చెయ్యలేదేందమ్మా, గంత కోపమా" అని అందరి ముందర అడిగింది. పెట్రోలు చవకైందేమోనని చెప్పి లోపలికి వచ్చినాను. చందాలు అడిగేవాళ్ళు కూడా మా వాకిట్లో బండి ఆపి మాట్లాడతారు.

ఢిల్లీ సంగతి రాసినావు. నువ్వు పోవడం మంచిదే. అక్కడివాళ్ళు చెప్పేవి ఎన్నడూ వినదగినట్టు లేవు, నీకేమో ఎట్లాగూ వినబడవు. కానీ తెలంగాణ పేరు చెప్పి నా నోరు మూయించాలని చూడకు. మొన్న వంటా వార్పు నాడు నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి పులిహోర కలిపింది నేను. లారీలు అటు కనుచూపు మేర, ఇటు కనుచూపు మేర నిలబడ్డాయి. ఒక పోలీసాయన వచ్చి జర పక్కకు జరుగవ్వా అన్నాడు. నేను జరగలేదు. ఆయనకే ఒక ఆకులో పెట్టిచ్చినాను. తిని ఆయనే జరిగినాడు. ఉద్యమం అంటే అది. బటన్ నొక్కితే వచ్చేది కాదు.

కాంటా సంగతి కూడా ఆలోచించినాను. దుకాణం నడిపేవాళ్ళం, దేవత దగ్గర ఉజ్జాయింపు లెక్క పనికిరాదు, నిజమే. కానీ రాజలింగు దగ్గర నీ బండి వంటిదే ఇంకొక పాత ఇంజను విప్పి పడేసి ఉన్నదట. దాన్ని తూస్తే సరిపోతుంది. ఒకే అచ్చులో పోసినవి, ఒకే బరువుంటాయి. మన ఇంజను మన బండిలోనే ఉంటుంది. డబ్బా డబ్బా చోటనే ఉంటుంది. మాఘంలో మనం పోతాం.

గారెలు మొత్తం నేనే తిన్నాను.

అక్క.

భూపాలపల్లి,
15 అక్టోబరు 2011.

అక్కకు.

నేను కోపంతో పోలేదు, నిజంగా పనుండింది. ఇంజను ఆపకపోవడానికి కూడా కారణం ఉన్నది. వేడెక్కిన పాత ఇంజనును మాటిమాటికి ఆపడం దానికి మంచిది కాదు. మెకానిక్‌లు ఎవరినైనా అడుగు.

రాజలింగు దగ్గరున్న ఎవరిదో ఇంజనును తూచమంటావా? అక్కా, రేపు నేను నీ ఎత్తు బంగారం మొక్కి, కాంటా మీద పుష్పలతను కూచోబెడితే తల్లి ఒప్పుకుంటుందా? ముందు పుష్పలత ఒప్పుకుంటుందా? మొక్కింది దేనికో తూచవలసింది దాన్నే.

కంపెనీవాళ్ళు ఈ ఇంజన్లు కొన్నే చేసినారు. కావాలో వద్దో ఏడాది తిరిగేలోపు చెప్పమంటున్నారు. సైడ్‌కారు ఇప్పుడు జనగామలో రాజలింగు షెడ్డు ముందర ఉన్నది. పాత ఇనుముకు ఇవ్వలేదు. నేను వద్దన్నాను. నువ్వు మాత్రం నేనేదో ద్రోహం చేస్తున్నట్టు మాట్లాడకు. నాకు వేరే దారి లేదు. ఇంతకంటే ఎక్కువ రాయలేను.

వెంకట్రాం.

మరిపెడ,
3 నవంబరు 2011.

అబద్ధాల వెంకట్రాంకు, నిజం తెలిసిన అక్క రాయిస్తున్నది.

సమ్మె ఆగింది. రాష్ట్రం రాలేదు గానీ బస్సులు వచ్చినాయి. పుష్పలత బడికి పోయి వచ్చి, పొయ్యి ముట్టించకముందే నాకు ఈ ఉత్తరం రాస్తున్నది. అందుకే చెప్పదలుచుకున్నది సూటిగా చెబుతాను.

నిన్న తండా జాల్యా బెల్లం కోసం దుకాణానికి వచ్చినాడు. బెల్లం కట్టిస్తుంటే, మీ తమ్ముని కాలు ఎట్లుందవ్వా అని అడిగినాడు. ఏ కాలురా అన్నాను. వాడు నాలుక కరుచుకున్నాడు. ఇంకొక దిమ్మ కొసరు వేస్తానంటే మొత్తం కక్కినాడు.

దసరా నాడు మా ఇంటి నుంచి పోతుంటే చౌరస్తాలో నీ బండి ఆగిపోయిందట. అక్కడ దీక్షా శిబిరంలో జాల్యా కూచున్నాడు. నువ్వు దిగి, బండిని పట్టుకొని జెండాలు చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డావట. తర్వాత టెంటులోకి వచ్చి చాయ తాగినావట, అందరితో కలిసి జై తెలంగాణ అన్నావట. అంతా అయినంక జాల్యాను పక్కకు పిలిచినావట. "జర ఒక్క కిక్కు కొట్టు తమ్మీ, నా మోకాలు లేస్తలేదు. మా అక్కకు మాత్రం చెప్పకు" అన్నావట. వాడు తన్నినాడు, లేచింది, నువ్వు పోయినావు.

వేడెక్కిన ఇంజను ఆపొద్దని మెకానిక్‌లను అడగమన్నావు కదా. అడిగించినాను. రాజలింగు ఫోనులోనే నవ్వినాడట.

ఆపితే మళ్ళీ లేపలేవు గనుక నా వాకిట్లో ఆపలేదు. అంతే కదా? ఆ ముక్క గడపలో చెబితే నీ సొమ్మేం పోయేది? వీధిలో ఇంతమంది ఉన్నారు, నర్సింగరావు ఉన్నాడు. నేను పంతులు భార్యకు మొహం చూపించలేక గుడిలో కార్తీక దీపాల కాడ కూడా ఆమెకు ఎదురుగా నిలబడని దాన్నయినాను.

సరే, మోకాలు పోయింది. దానికి కొత్త ఇంజనే కావాలా? దారి పొడుగునా శిబిరాలున్నాయి. రేగొండలో ఉన్నది, పరకాలలో ఉన్నది, మానుకోటలో ఉన్నది, ఇక్కడ ఉన్నది. సమ్మె ఆగినా దీక్షలు ఆగలేదు. ఎక్కడ ఆగినా నలుగురు గట్టి మనుషులు ఊరికే కూచొని ఉంటారు. జై తెలంగాణ అని ఒక తన్ను తన్నమంటే కాదంటారా? జాల్యా కాదన్నాడా? నీకు బటన్ ఎందుకు? రాష్ట్రమంతా నీ బటనే.

ఇక నీ దగ్గర వాదన ఏమీ మిగల్లేదు. సైడ్‌కారు తెచ్చి బిగించు.

మోకాలికి నువ్వులనూనె కాచి రాయమని మరదలికి చెప్పు.

అక్క.

భూపాలపల్లి,
14 నవంబరు 2011.

అక్కా,

జాల్యాను ఇక మీదట తమ్మీ అని పిలువను.

నిజమే. వానాకాలంలో ఒకనాడు బండి ఎదురు తన్నింది. అప్పటి నుంచి మోకాలు పట్టు తప్పింది. దవాఖానలో చూపించినాను. నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, బండి మాత్రం తన్నొద్దన్నారు. మీ మరదలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంజన్లు అమ్మేవాడు సొంత ఇంజను లేపలేడంటే బజారులో ఎట్లుంటుందో నువ్వే ఆలోచించు. ఢిల్లీ సంగతి కూడా నిజం కాదు. వాళ్ళు పోతామన్నది నిజమే, నన్ను రమ్మన్నది లేదు.

నీ శిబిరాల లెక్క చదివి దుకాణంలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. కానీ అక్కా, రేపు తెలంగాణ వస్తే శిబిరాలు ఎత్తేస్తారు. అప్పుడు కిక్కు ఎవడు కొడతాడు? నా బండి లేవడం కోసం రాష్ట్రం రావద్దని మొక్కుకుందామా? తాడ్వాయి అడవిలో అయితే శిబిరం కూడా లేదు. నువ్వు డబ్బాలో, నేను కుంటుకుంటూ, చుట్టూ చెట్లు. పోయినసారి తల్లి లేపింది. ప్రతిసారీ ఆమెకు అదే పనా?

చాలా రోజులు ఆలోచించినాను. కొత్త ఇంజను వేస్తే నేను పోగలను, నువ్వు పోలేవు. వేయకపోతే ఇద్దరం పోలేము. ముందు నేనొక్కణ్ణైనా పోవచ్చు కదా అనుకున్నాను. కంపెనీకి కబురు పెట్టడానికి జనగామ పోయినప్పుడు షెడ్డు ముందర సైడ్‌కారు ఖాళీగా కనబడ్డది. నేను ఒక్కణ్ణే మేడారం పోయి, అక్కడ ఎవరి తిట్లు వినాలి?

అందుకే ఇంజను వద్దని చెప్పదలుచుకున్నాను. బండిని దుకాణం వెనుక నిలబెట్టి గోనెపట్టా కప్పినాను. ఈసారి జాతర టీవీలో చూద్దాం. నువ్వే గెలిచినావు.

వెంకట్రాం.

మరిపెడ,
30 నవంబరు 2011.

చిరంజీవి తమ్ముడు వెంకట్రాంకు అక్క అనసూర్యమ్మ దీవించి రాయించునది.

నేను గెలిచినానట. గెలిచి టీవీ ముందర కూచోవాలట. అటువంటి గెలుపు నాకు వద్దు, నీ దుకాణంలోనే పెట్టుకో. నువ్వు వాదిస్తుంటే నాకు నాలుగు ముద్దలు ఎక్కువ దిగేవి. నీ ఉత్తరం వచ్చిన నాడు పుష్పలత చదివి ముగించినంక మిరపకాయ ఘాటని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను. గోదాంలో ఈ కాలంలో మిరపకాయలు లేవని అది తెలిసీ ఊరుకున్నది.

ఇప్పుడు చెప్పేది బాగా చదువుకో. కంపెనీకి వద్దని చెప్పినావా? చెప్పి ఉంటే పోయి మళ్ళీ కావాలని చెప్పు. ఆ ఇంజను తీసుకుంటున్నాం.

పాత ఇంజను విప్పిన నాడు రాజలింగు దాన్ని మా సరుకు లారీలో వేసి ఇక్కడికి పంపాలి. మా కాంటా మీద పెట్టి నా కళ్ళ ముందర తూయిస్తాను. అంత బెల్లానికి పైన ఒక దిమ్మ ఎక్కువే వేస్తాను, తల్లి దగ్గర ముల్లు మొగ్గు చూపాలె గానీ తగ్గొద్దు. నువ్వు అన్నది నిజమే, విప్పక తప్పదు. ఇది ఒప్పుకోవడం కాదు. మొక్కు ఇబ్బంది పెట్టింది, అంతే.

డబ్బా లేకుండా నేనెట్లా వస్తానని నీకు అనుమానం. నీ బండికి వెనుక సీటు లేదా? మరదలు దాని మీద కూచోలేదా?

నీ ఉత్తరం వచ్చిన మరునాడే మొదలుపెట్టినాను. నర్సింగరావు మోటరుసైకిలును గోదాంలో స్టాండు వేసి నిలబెట్టించినాను. పక్కన బెల్లం దిమ్మల బుట్ట బోర్లించి దాని మీద నిలబడి, పుష్పలత భుజం పట్టుకొని ఎక్కినాను. ఒకే పక్కకు కాళ్ళు వేసి కూచుంటే జారిపోతున్నాను. నాట్లు వేసేవాళ్ళు ఎగజెక్కినట్టు చీర ఎగజెక్కి, కాళ్ళు అటొకటి ఇటొకటి వేసి కూచున్నాను. అప్పుడే నర్సింగరావు లోపలికి వచ్చినాడు. "అమ్మా, గిదేంది" అన్నాడు. "జాతరకు పోతున్న. నువ్వు తీస్కపోతవా, నన్ను పోనిస్తవా?" అని అడిగినాను. వాడు కాంటా దిక్కు చూసినాడు, పుష్పలత దిక్కు చూసినాడు, వచ్చిన దారినే పోయినాడు. సాయంత్రం బజారు నుంచి నాకొక మెత్త కుట్టించుకొని వచ్చినాడు.

భయం లేదని చెప్పను. నిలబెట్టిన బండి మీద కూడా మొదటి రోజు కళ్ళు మూసుకున్నాను. డబ్బాలో అయితే చుట్టూ రేకు ఉండేది. ఇప్పుడు వెనుక ఏమీ లేదు. అందుకని రాజలింగుకు చెప్పి సీటు వెనుక నడుముకు ఆనేటట్టు ఇనుప కడ్డీ వెల్డింగు పెట్టించు. కాళ్ళు పెట్టుకోవడానికి రెండు పక్కలా వెడల్పాటి రేకులు కావాలి. నీ వీపు మీద ఒక్కసారి తడితే మెల్లగా పొమ్మని, గుద్దితే ఆపమని. ఆగకుండా గుద్దుతుంటే మాత్రం బండి ఆపకు, అది మోకాలి సంగతి దాచినందుకు.

ఒకేసారి మేడారం దాకా వద్దు. ముందు మానుకోట దాకా పోయి వద్దాం. ఆ తర్వాత జనగామ పోయి రాజలింగుకు మొహం చూపించి వద్దాం, నా డబ్బాను ఇనుములో వేస్తానన్నవాడు నేను వెనుక సీటు మీద దిగడం చూడాలి. అప్పటికి మాఘం వస్తుంది. మరదలు తనకు సీటు పోయిందని అలిగితే, వచ్చే జాతరకు ఆమెదేనని చెప్పు. అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం.

ఉత్తరం ఇంతటితో ఆపిస్తున్నాను. పుష్పలతకు బడి వేళయింది, అది పోయేలోపు నేను ఒకసారి బండెక్కాలి. ఎక్కడం బాగానే వచ్చింది. దిగడమే ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆగకు, ఇంజను వేయించుకొని రా.

వాకిట్లో బండి ఆపి రా.

అక్క అనసూర్యమ్మ.